జంగయ్యను చూసి పారిపోయిన కుక్క

రాజారావు విద్యుత్ శాఖలో ఏడీఈ హోదా ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. పుట్టింది తణుకులోనే అయినా ఉద్యోగమంతా హైదరాబాదు చుట్టుపక్కలే గడిచింది. చివరికి కొత్వాల్‌గూడ దాటాక ఒక లేఅవుట్లో ఇల్లు కట్టుకున్నాడు. ఎయిర్‌పోర్టు వచ్చేసింది, రింగు రోడ్డు వచ్చేసింది, ఇక జనం రావడమే తరువాయి అని ప్లాటు అమ్మినవాళ్ళు చెప్పారు. రెండు వందల పన్నెండు ప్లాట్లున్న ఆ లేఅవుట్లో 2012 నాటికి మూడే ఇళ్ళు లేచాయి. వాటిలో ఒకదానికి కిటికీలు పెట్టలేదు. ఇంకొకదానికి ఎప్పుడూ తాళం. మూడోది రాజారావుది.

మిగతా ప్లాట్లన్నిటా గడ్డి పెరిగింది. ఆ గడ్డి కోసం కొత్వాల్‌గూడ నుంచి జంగయ్య రోజూ తన గొర్రెలను తోలుకొచ్చేవాడు. అరవై దాటిన మనిషి. భుజాన గొంగడి, చేతిలో కట్టె, ముందు నలభై జీవాలు. ఆయన సొంత కుక్క రెండేళ్ళ కిందట సర్వీసు రోడ్డు మీద లారీ కింద పడి చనిపోయింది. మళ్ళీ ఇంకోదాన్ని పెంచలేదు. పెంచకపోయినా ఊళ్ళో కుక్కలన్నీ ఆయన వెనకే తిరిగేవి. ఆయన వాటికి పెద్దగా ఏమీ పెట్టేవాడు కాదు. తల మీద ఒకసారి చెయ్యి వేసేవాడు, అంతే.

ఆ ఖాళీ లేఅవుట్లో ఒక్కతే ఉండాలంటే రాజారావు భార్య వరలక్ష్మికి భయం వేసేది. అందుకని అత్తాపూర్‌లో తెలిసినవాళ్ళ ఇంట్లో పుట్టిన లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి అది ముప్పై నాలుగు కిలోలైంది. దానికి డ్యూక్ అని రాజారావు పేరు పెట్టాడు. జంగయ్య నోట్లో అది దుంకు అయింది. అక్కడి మాటలో దుంకు అంటే దూకమని. కుక్క రెండు పిలుపులకూ పలికేది. రెండోదాన్ని విన్నప్పుడు మాత్రం గోడ కూడా దూకేది.

డ్యూక్‌కు ఉన్న దురలవాటు ఒక్కటే. గొర్రెలు కనబడితే ఆగేది కాదు. కరవడానికి కాదు, వాటితో కలిసి పరుగెత్తడానికి. ఆ తేడా గొర్రెలకు తెలియదు. ఫిబ్రవరిలో ఒకనాడు మంద చెదిరి పరుగులు పెడుతుంటే, చూలుతో ఉన్న గొర్రె ఒకటి డ్రైనేజీ కోసం తవ్వి వదిలేసిన కాలువలో పడింది. దాని కడుపు పోయింది.

సాయంత్రం జంగయ్య గేటు దగ్గరికి వచ్చి నిలబడి జరిగింది చెప్పాడు. గొంతు పెంచలేదు. నష్టం కట్టిస్తానని రాజారావు అనబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"పైసల ముచ్చట వద్దు సారు. కుక్కను జర చెప్పుచేతల్ల వెట్టుకో."

ఎలాగో కూడా ఆయనే చెప్పాడు. మూరెడు కట్టె ఒకటి తాడుతో కుక్క మెడకు వేలాడదీస్తే, పరుగెత్తినప్పుడల్లా అది మోకాళ్ళకు తగులుతుందట. నాలుగు రోజుల్లో నడక నేర్చుకుంటుందట. తమ తాతల నుంచి దొంగ గొడ్లకూ దుడుకు కుక్కలకూ అదే మందట. రాజారావుకు అది మోటుగా తోచింది. ఈ కాలంలో ఇలాంటివాటికి సరైన పరికరాలు వచ్చాయని, తాను తెచ్చి పద్ధతి ప్రకారం నేర్పిస్తానని చెప్పాడు. జంగయ్య సరేనన్నాడు.

అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే కింద, పిల్లర్ నంబరు చెబితే తప్ప దొరకని చోట, అరవింద్ అనే అతను కుక్కల సామాన్ల దుకాణం నడిపేవాడు. మెడపట్టీలు ఒక గోడంతా వేలాడదీసి ఉండేవి. రాజారావు కుక్క మెడ కొలత, బరువు, వయసు కాగితం మీద రాసుకుని వెళ్ళాడు. మామూలు పట్టీ అయితే మెడకూ దానికీ మధ్య రెండు వేళ్ళు దూరేంత ఖాళీ ఉండాలని, శిక్షణ పట్టీల లెక్క మాత్రం వేరని అరవింద్ చెప్పి, ముందుగా ఒక చోక్ చైన్ తీశాడు. కుక్క లాగితే బిగుసుకుని, ఆగితే వదులయ్యే గొలుసు అది. కుక్కకు ఎదురుగా నిలబడి, ఇంగ్లిష్ అక్షరం పీ ఆకారంలో పట్టుకుని మెడకు వెయ్యాలనీ, తిరగేసి వేస్తే బిగుసుకున్నది మళ్ళీ వదులు కాదనీ రెండుసార్లు చెప్పాడు. రాజారావు ఆ బొమ్మ గీసుకున్నాడు.

ఇంటికొచ్చి బొమ్మ చూసుకుంటూ జాగ్రత్తగా వేశాడు. వేసేటప్పుడు తాను కుక్క వెనక నిలబడి ఉన్నానన్న సంగతి మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. మొదటి గొర్రె కనబడగానే డ్యూక్ లాగింది. గొలుసు బిగుసుకుంది. అలాగే ఉండిపోయింది. కుక్క ఆగలేదు, రాజారావు కూడా ఆగలేకపోయాడు. ఇరవై గజాలు కంకర మీద పోయాక తాడు వదిలేశాడు. ఆయన మోచేతులకు వరలక్ష్మి మందు రాసింది. కుక్క మూడు రోజులు దగ్గింది.

రెండోసారి అరవింద్ లోపలివైపు మొద్దు ముళ్ళున్న గొలుసు ఇచ్చాడు. ఇవి గుచ్చుకోవు, నొక్కుతాయంతే అన్నాడు. వరలక్ష్మి దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. తన మణికట్టుకు చుట్టుకుని రెండో చేత్తో ఒకసారి లాగింది. తర్వాత విప్పి, సంచీలో వేసి, సంచీని భర్త స్కూటరుకు తగిలించింది.  రాజారావు ఆ పూటే తిరిగి ఇచ్చేసి వచ్చాడు.

మూడోది కరెంటుది. ఎవరో అడిగితే బొంబాయి నుంచి తెప్పించాననీ, అడిగినవాళ్ళు మళ్ళీ రాలేదనీ అరవింద్ చెప్పాడు. మెడపట్టీకి అగ్గిపెట్టెంత డబ్బా, దానికి చర్మాన్ని తాకేలా రెండు లోహపు మేకులు. విడిగా ఒక రిమోట్. ఒక మీట నొక్కితే డబ్బా కూస్తుంది, రెండోది నొక్కితే వణుకుతుంది, మూడోది నొక్కితే షాక్ కొడుతుంది. షాక్‌కు ఒకటి నుంచి పది దాకా అంచెలున్నాయి. మూడు వందల మీటర్ల దూరం నుంచి పనిచేస్తుంది. తెలంగాణ కోసం బంద్‌లు జోరుగా సాగుతున్న రోజులవి. మర్నాడు దుకాణం తీస్తాడో లేదో తెలియదు కాబట్టి రాజారావు ఆలోచించుకోవడానికి ఇంటికి వెళ్ళకుండా అక్కడే నిలబడి, ఇరవై నిమిషాలు సూచనల పుస్తకం చదివి కొనేశాడు. కుక్క తప్పు చేసిన క్షణంలోనే మీట నొక్కాలనీ, ఒక్క సెకను కూడా ఆలస్యం కాకూడదనీ అందులో ఉంది. ఆ వాక్యం కింద ఆయన గీత గీశాడు.

ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళకు ఊళ్ళు కరెంటు ఇచ్చిన మనిషి. ఒక కుక్కకు ఇవ్వడం కష్టమవుతుందని అనుకోలేదు. అయినా ముందుగా తన మీదే పరీక్షించుకోవడం ధర్మమనిపించింది. భోజనాల బల్ల దగ్గర పట్టీని ముంజేతికి కట్టుకుని రిమోట్ భార్య చేతికిచ్చాడు. ఒకటో అంచె తెలియలేదు. రెండు చీమ కుట్టినట్టుంది. మూడు దగ్గర ఆయన మోచెయ్యి తనంతట తాను లేచింది. నాలుగు అయ్యాక, చాలు, అర్థమైందన్నాడు. అప్పటికే వరలక్ష్మి ఐదు నొక్కింది. ఆయన ముందున్న మజ్జిగ గ్లాసు బల్ల అవతలికి పోయింది. తాను ఆపమనడం ఆమెకు వినబడలేదా అని ఆయన అడిగాడు. వినబడిందనీ, అప్పటికి వేలు దిగిపోయిందనీ ఆమె చెప్పింది. కుక్కకు మూడు చాలునని ఇద్దరూ ఒప్పుకున్నారు.

శిక్షణకు గొర్రెలు కావాలి కాబట్టి రాజారావు జంగయ్యను అడిగాడు. రోజూ ఉదయం తొమ్మిదింటికి మందను ఇంటి ముందున్న ప్లాట్ల మీదుగా నిదానంగా నడిపించాలి. జంగయ్య ఆ వేళకు వచ్చేవాడు. కుక్క మెడకున్న డబ్బా చూసి, ఇదేందని ఒకసారి అడిగాడు. దీంతో కుక్కకు సిగ్నల్ వెళుతుందని రాజారావు చెప్పాడు. సెల్లు లెక్కనా అన్నాడు జంగయ్య. అలాంటిదేనన్నాడు రాజారావు. షాక్ అనే మాట ఎందుకో ఆయన నోటికి రాలేదు.

మార్చి మొదటి వారంలో పని మొదలైంది. గేటు తీస్తారు. కుక్క మంద మీదికి పోతుంది. గొర్రెలు చెదిరి జంగయ్య వెనక్కి చేరతాయి. రాజారావు మీట నొక్కుతాడు. కుక్క కుయ్యిమని ఇంటికి పరుగెత్తుకొస్తుంది. ఆయన నోటుబుక్కులో తేదీ, వేళ, అంచె, తప్పు, ఫలితం అని గళ్ళు గీసుకుని రాసేవాడు. తప్పు గడిలో "గొర్రెల వైపు పరుగు" అని, ఫలితం గడిలో "ఆగింది" అని రాసి ఉండేది. రోజుకు మూడుసార్లు, కొన్ని రోజులు నాలుగుసార్లు. పది రోజుల తర్వాత, గేటు తీసినా కుక్క కదలలేదు. రాజారావు ఆ మాట భార్యకు చెప్పి, స్నానం చేసి, మామూలు కంటే ఒక ఇడ్లీ ఎక్కువ తిన్నాడు.

ఆ వారం చివర జంగయ్య చేవెళ్ళలో బంధువుల పెళ్ళికి పోయాడు. గొర్రెలను ఆయన భార్య రుక్కమ్మ తోలుకొచ్చింది. డ్యూక్ ఆమెను చూసింది, గొర్రెలను చూసింది, గోడ దూకి మందలో పడింది. రుక్కమ్మ కట్టెతో అదిలిస్తే తోక ఊపింది. రాజారావు పరుగెత్తుకొచ్చి తాడు వేసి లాక్కుపోయాడు. నోటుబుక్కులో ఏం రాయాలో తోచలేదు.

పెళ్ళి నుంచి తిరిగొచ్చిన మర్నాడు జంగయ్య గేటు దగ్గరికి వచ్చి ఎప్పటిలాగే పిలిచాడు. కుక్క ఆయనను చూడగానే తోక ముడిచి కారు కిందికి దూరింది. ఆయన వంగి చెయ్యి చాపాడు. అది ఇంకా లోపలికి జరిగి, పళ్ళు చూపించకుండా, చప్పుడు చెయ్యకుండా, నేల మీద మూత్రం పోసింది. జంగయ్య కాసేపు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత లేచి మోకాలి దుమ్ము దులుపుకుని గొర్రెల వెనక వెళ్ళిపోయాడు.

మరుసటి రోజు నుంచి ఆయన తొమ్మిదింటికి రావడం మానేశాడు. గొర్రెలను కాలువ అవతలి ప్లాట్లకు తోలేవాడు. వారం గడిచాక అసలు ఆయనే రాలేదు, రోజూ రుక్కమ్మే వచ్చింది. ఒక ఉదయం వరలక్ష్మి ఆమెకు మంచినీళ్ళిచ్చి, జంగయ్య ఒంట్లో బాగాలేదా అని అడిగింది. రుక్కమ్మ కొంగుతో మూతి తుడుచుకుని గేటు పక్కనున్న రాయి మీద కూర్చుని చెప్పింది. 

జంగయ్య శంషాబాద్ దవాఖానకు పోయి అన్ని పరీక్షలూ చేయించుకున్నాడట. షుగర్ లేదట, బీపీ లేదట, గుండె బాగానే కొట్టుకుంటున్నదట. అయినా ఆయనకు నమ్మకం కుదరలేదట. ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో రెండు రాత్రుల నుంచి ఆమెకు వరసగా చెప్పి అప్పగిస్తున్నాడట. పదేళ్ళుగా మాటల్లేని చెల్లెలి ఇంటికి పోయి అన్నం తిని వచ్చాడట.

"మన కంటికి ఆనని యముని మనుషులు కుక్కలకు ఆనుతరంటరు గదమ్మ. మీ కుక్క ఆయినను జూస్తె ఉచ్చ వోసుకుంటున్నది. ఆయిన చెయ్యి వెడితె మొత్తుకుంటున్నది. పుట్టినకాంచి ఒక్క కుక్క ఆయినను జూసి ఉరకలె. గందుకే పరేషాన్ల వడ్డడు."

 రుక్కమ్మ వెళ్ళాక వరలక్ష్మి గేటు వేసి, లోపలికి వచ్చి, పేపరు చదువుతున్న భర్త ముందు కుర్చీ లాక్కుని కూర్చుని ఆ సంగతంతా చెప్పింది. జంగయ్యకు ఈ మూఢనమ్మకం ఏమిటని రాజారావు అన్నాడు. కుక్క గొర్రెలకు భయపడుతోంది తప్ప మనిషికి ఎందుకు భయపడుతుందన్నాడు.

"గొర్రెలకేం భయపడట్లేదండీ," అంది ఆమె. "మీరు మీట నొక్కేసరికి అది గొర్రెలను దాటిపోయి జంగయ్య దగ్గర ఉండేది. ఆయన తల నిమిరేవాడు. అప్పుడు నొక్కేవారు మీరు."

ఆయన పేపరు దించాడు.

"ప్రతిసారీనా?"

"డాబా మీద బట్టలు ఆరేస్తూ పది రోజులూ చూశాను. ప్రతిసారీ అంతే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"అలాగే నేర్పించాలేమో అనుకున్నాను. పుస్తకం చదివింది మీరు కదా."

రాజారావుకు రెండు కళ్ళజోళ్ళు ఉన్నాయి. ఒకటి దగ్గరికి, ఒకటి దూరానికి. రెండూ కలిసిన అద్దాలు ఒకసారి చేయించుకున్నాడు గానీ మెట్లు దిగుతుంటే కాళ్ళు తడబడతాయని పక్కన పెట్టేశాడు. కుక్క గేటు దాటడం దూరపు అద్దాలతో చూసేవాడు. రిమోట్ మీద అంచె మూడులోనే ఉందో, జేబులో రాసుకుని మారిపోయిందో చూసుకోవాలంటే దగ్గరి అద్దాలు కావాలి. మార్చుకునేవాడు. చూసుకునేవాడు. నొక్కేవాడు. ఐదు కూడా ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు కాబట్టి, ఆ అంకె చూసుకోకుండా ఒక్కసారి కూడా నొక్కలేదు. జాగ్రత్త కోసమే చేశాడు. ఆ జాగ్రత్తకు ఐదారు సెకన్లు పట్టేది. అంతసేపట్లో డ్యూక్ మందలోంచి ఇవతలికి వచ్చి, తనకు ఇష్టమైన మనిషి ముందు నిలబడి ఉండేది.

ఆ రోజూ మర్నాడూ ఆయన ఇంట్లోంచి కదలలేదు. నోటుబుక్కు తీసి ఫలితం గడిలో ఉన్న "ఆగింది" అనే మాటలన్నీ చదివాడు. ఎలాగూ అక్కడే ఆగేది. జంగయ్య దగ్గర ఆగకుండా అది ఏనాడూ ముందుకు పోలేదు. మూడో రోజు ఉదయం పట్టీ, రిమోట్, నోటుబుక్కు సంచీలో వేసుకుని స్కూటరు మీద కొత్వాల్‌గూడ వెళ్ళాడు.

జంగయ్య ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. గొంగడి మడతపెట్టి పక్కన పెట్టాడు. రాజారావును చూసి లేచి, మంచం చూపించి, తాను అరుగు మీద కూర్చున్నాడు. రుక్కమ్మ దొడ్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

  కుక్క నిన్ను చూసి భయపడటంలో నీ తప్పు లేదన్నాడు రాజారావు. తన తప్పేనన్నాడు. సంచీలోంచి పట్టీ తీసి రెండు మేకులూ చూపించాడు. సిగ్నల్ అని చెప్పింది నిజానికి కరెంటు అనీ, అది గొర్రెల దగ్గరికి పోయినప్పుడు తగలాల్సింది ఆలస్యంగా తగిలిందనీ, ఎందుకు ఆలస్యమైందో రెండు కళ్ళజోళ్ళూ తీసి చూపిస్తూ చెప్పాడు.

జంగయ్య అంతా విన్నాడు. పట్టీని చేతిలోకి తీసుకుని మేకులను బొటనవేలితో తడిమాడు. తర్వాత ముంజేతి మీద ఆనించుకున్నాడు.

"ఒత్తు సారు. సూస్త."

వద్దన్నాడు రాజారావు. జంగయ్య చెయ్యి తియ్యలేదు. రాజారావు దగ్గరి అద్దాలు పెట్టుకుని, అంకె చూసుకుని, మూడులో నొక్కాడు. జంగయ్య చెయ్యి అదిరింది. ఆయన దాన్ని కాసేపు రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"నేను దాని తల మీద చెయ్యి వెట్టినప్పుడల్లా గిదే తగిలిందా?"

"అవును."

"ఎన్నిమాట్లు?"

చెప్పకుండా ఉండవచ్చు. నోటుబుక్కు సంచీలోనే ఉంది. రాజారావు దాన్ని తీసి చివరి పేజీ చూశాడు. అంకె ఆయనకు చూడకుండానే తెలుసు.

"ముప్పై ఒక్కసారి."

జంగయ్య లేచి గొర్రెల దొడ్లోకి వెళ్ళాడు. తొట్టిలో నీళ్ళు పోస్తున్న చప్పుడు వినబడింది. చాలాసేపు పోశాడు. రుక్కమ్మ రాజారావు వైపు చూడలేదు, వెళ్ళమనీ అనలేదు. జంగయ్య చేతులు తుడుచుకుంటూ తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ముప్పై ఒక్కమాటు తగిలినా రోజు మళ్ళ నా తానికే వచ్చింది సారు అది. పది దినాలు వచ్చింది."

రాజారావు నోటుబుక్కు మూసి సంచీలో పెట్టాడు. 

జంగయ్య భార్య వైపు తిరిగి, యముడూ లేడు గిముడూ లేడు, కరెంటంట అన్నాడు. రుక్కమ్మ లోపలికి వెళ్ళి చాయ పెట్టి ముగ్గురికీ తెచ్చింది. చెల్లెలి ఇంటికి పోయి వచ్చింది ఇగ ఉత్తదే అయిందని ఆమె అంటే, పోతే పోయిన, ఆమె మంచిగనే అన్నం వెట్టింది అన్నాడు జంగయ్య. చాయ తాగాక కట్టె అందుకుని గొర్రెలను విప్పాడు.

రాజారావు మెడపట్టీని అత్తాపూర్ తీసుకుపోయాడు. వాడినది వెనక్కి తీసుకోనని అరవింద్ అన్నాడు. తీసుకోవద్దనీ, ఇంకెవరైనా దీన్ని అడిగితే ముందు వాళ్ళ కళ్ళజోడు సంగతి కనుక్కోమనీ చెప్పి, పదిహేను మీటర్ల నైలాన్ తాడు, వెడల్పాటి మామూలు పట్టీ కొనుక్కుని వచ్చాడు. పట్టీ కింద రెండు వేళ్ళు దూర్చి చూసుకున్నాడు. కుక్కకు గొర్రెల మీద ఆశ పోలేదు. తాడు ఉన్నంత మేర పోవడం, తాడు బిగుసుకోగానే పిలిస్తే వెనక్కి వచ్చి బిస్కెట్ తినడం మాత్రం ఎండాకాలం గడిచేసరికి నేర్చుకుంది. తాడు లేకపోతే ఏం చేస్తుందో పరీక్షించడానికి ఆయన సాహసించలేదు. బదులుగా ఒక వేళల పట్టిక తయారుచేశాడు. ఆరు నుంచి ఎనిమిది దాకా లేఅవుట్ కుక్కది, ఎనిమిదిన్నర నుంచి గొర్రెలది. ఆ ఏడాది కరెంటు కోతలకు కూడా ఇంత కచ్చితమైన వేళలు లేవు. జంగయ్యకు చదువు రాదు కాబట్టి దాన్ని నోటితో చెప్పాడు. జంగయ్య దగ్గర గడియారం లేదు. ఉదయం వరసగా దిగే విమానాలను బట్టి చూసుకుని సరిగ్గా ఎనిమిదిన్నరకే వచ్చేవాడు.

మిగిలిన పని జంగయ్యది. దానికి ఆయన ఎవరి సలహా అడగలేదు. రోజూ గొర్రెలను మేతకు వదిలాక, గేటుకు పాతిక అడుగుల దూరంలో, ఇంటివైపు వీపు పెట్టి కూర్చునేవాడు. కుక్కను పిలిచేవాడు కాదు, చూసేవాడు కాదు. లేచి పోయేటప్పుడు రొట్టె ముక్క ఒకటి అక్కడ వదిలేసేవాడు. ఆయన కనుమరుగయ్యాక రాజారావు తాడు పట్టుకుని కుక్కను తీసుకొస్తే అది రొట్టెను వాసన చూసి, ముక్కు వెనక్కి లాక్కుని, చుట్టూ తిరిగి, చివరికి తినేది. మొదటి పన్నెండు రోజులు మాత్రం తినలేదు. తినని రొట్టెలు కాకులకు పోయాయి.

ఏప్రిల్లో పాతిక అడుగులు ఇరవై అయ్యాయి. మే ఎండలకు జంగయ్య గొంగడి నెత్తిన కప్పుకుని కూర్చునేవాడు. వరలక్ష్మి మజ్జిగ పంపుతానంటే వద్దనేవాడు, ఎవరూ అటు రావద్దనేవాడు. జూన్‌లో తొలకరి పడ్డాక కూడా వచ్చాడు. నీకు ఇంత అవసరమేమిటని రాజారావు ఒకసారి అడిగాడు. అవసరం తనకు కాదనీ, దాని మనసులో తన చెయ్యి కరిచే చెయ్యిగా ఉండిపోయిందనీ, అలా ఉంచి తాను ఎట్లా పండుకుంటాననీ జంగయ్య అన్నాడు. రాజారావు ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

జూలైలో ఒక ఉదయం మబ్బు పట్టి ఉంది. జంగయ్య గేటుకు ఎనిమిది అడుగుల దూరంలో కూర్చున్నాడు. రాజారావు లోపల అరుగు మీద తాడు కొస పట్టుకుని ఉన్నాడు. డ్యూక్ లేచింది. తెరిచి ఉన్న గేటులోంచి ఇవతలికి వచ్చి ఆగింది. పొట్ట నేలకు ఆనించి కొంత దూరం పాకింది. మళ్ళీ ఆగింది. జంగయ్య కాలి చెప్పును వాసన చూసింది. చెయ్యిని చూసి తల వెనక్కి తీసింది. ఆయన ఆ చేతిని మెల్లగా గొంగట్లోకి దాచుకున్నాడు. కుక్క ఆయన పాదం పక్కన పడుకుని, కొంచెంసేపటికి గడ్డాన్ని ఆ పాదం మీద పెట్టింది.

రాజారావు తాడు పూర్తిగా వదులు చేశాడు. వరలక్ష్మి వంటింటి కిటికీ దగ్గర నిలబడిపోయింది.

పావుగంట గడిచింది. జంగయ్య కదల్లేదు. ఈలోగా కాలువ పక్కన మేస్తున్న గొర్రెలు తలలెత్తి, తమను ఎవరూ చూడటం లేదని గ్రహించి, ఒకదాని వెనక ఒకటి సర్వీసు రోడ్డు వైపు నడక మొదలుపెట్టాయి. రాజారావు వాటిని చూశాడు. జంగయ్య కూడా చూశాడు.

"సారు," అన్నాడు ఆయన, పెదవులు కదిపీ కదపనట్టు. "జర నువ్వు వో. గొర్లను మల్లేసుకొని రా."

రాజారావు తాడును గేటుకు కట్టి, జంగయ్య పక్కనున్న కట్టెను చప్పుడు కాకుండా తీసుకుని, లుంగీ పైకి కట్టి బయలుదేరాడు. గొర్రెలు ఆయనను చూసి ఆగాయి. ఆయన కట్టె ఎత్తి, హే అన్నాడు. అవి రెండు జట్లుగా విడిపోయి ఒక జట్టు కిటికీలు లేని ఇంట్లోకి వెళ్ళింది. రెండోది రోడ్డు వైపు ఇంకొంచెం వేగంగా నడిచింది. వెనక నుంచి కాదు, ముందుకు పోయి నిలబడాలని జంగయ్య కూర్చున్న చోటు నుంచే, కుక్క లేవకుండా, గొంతు తగ్గించి చెప్పాడు. అంత మెల్లగా చెప్పింది రాజారావుకు వినబడలేదు. వరలక్ష్మి డాబా ఎక్కి ఆ మాటను అరిచి అందించింది.

ముప్పై నాలుగు గొర్రెలను రాజారావు పదకొండింటికల్లా వెనక్కి తెచ్చాడు. మిగిలిన ఆరూ మధ్యాహ్నం వాటంతట అవే వచ్చాయి.